లకుముకి నేర్చిన పని

చెరువు ఎండిపోయాక లకుముకి పిట్టకు చేపా లేదు, పనీ లేదు. ఆకలికి తాళలేక కోళ్ల దొడ్డికి చేరింది.

"మట్టి కెలికి మేత తీయడం నేర్పుతాను. అది వస్తే ఎక్కడైనా బతకొచ్చు," అంది పెట్టకోడి.

లకుముకివి పొట్టి కాళ్లు. కెలికీ కెలికీ గోళ్లు అరిగి వేళ్లు నెత్తురోడాయి. అది పైకి తీసిన పురుగులన్నీ కోడిపిల్లలు ఏరుకు తిన్నాయి. అయినా పట్టు వదలక పని నేర్చుకుంది.

"ఇక వెళ్లి నీ బతుకు నువ్వు బతుకమ్మా," అంది కోడి.

లకుముకి ఊళ్లోని దొడ్లన్నీ తిరిగింది. ప్రతి దొడ్లోనూ కోళ్లే. అవి పొడిచి తరిమితే ఈకలూడి తిరిగొచ్చింది.

"ఈ పని చేసేందుకు ఎక్కడా చోటు లేదు అత్తా."

"ఇక్కడుంది. చెరువు పిట్టలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటికి నేర్పు, పురుగుల్లో నీకూ వాటా ఇస్తాను."

మర్నాడు బక్కచిక్కిన కొంగ ఒకటి వచ్చింది. "ఇది నేర్చుకుంటే పని దొరుకుతుందా అక్కా? గూట్లో పిల్లలున్నాయి," అని అడిగింది.

లకుముకి కడుపులో ఆకలి మండుతోంది. కోడి అటే చూస్తోంది.

"దొరుకుతుంది," అంది లకుముకి, కొంగ ముఖం వైపు చూడకుండా. "ముందు కాలు నేలకు ఆనించు."