నాలుగో బోర్డు

అప్పాయమ్మ చుట్టూ ఇరవై మంది మూగారు. పక్కనున్న బోర్డు వైపు ఒక్కరూ చూడలేదు.

హరిబాబుకు ఒళ్ళు మండిపోయింది.

గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవిలో వేసిన చెక్కబాట పొడవునా పన్నెండు బోర్డులున్నాయి. ఏది ఏ చెట్టో, దాన్నెందుకు కాపాడుకోవాలో రాసింది ఆయనే. కాలేజీలో బోటనీ చెబుతాడు. ఆర్నెల్లు పుస్తకాలు తిరగేసి రాశాడు. ప్రారంభం రోజున బోర్డులన్నీ చూసి, ఒక్క అక్షరదోషం కూడా లేదని మురిసిపోయాడు.

చెట్లవైపు మాత్రం చూడలేదు.

ప్రతి ఆదివారం వచ్చి, జనం చదువుతుంటే చాటుగా నిలబడి వింటాడు. అన్నీ చదువుతారు. ఆయన ముచ్చటపడి రాసుకున్న నాలుగోదాన్ని మాత్రం ఈ పీతలు పట్టే ముసలమ్మ చదవనివ్వదు.

"ఇటు రండమ్మా, పీత ఇల్లు చూపిస్తాను" అంటూ అందర్నీ అవతలికి లాక్కుపోతుంది.

అక్షరమ్ముక్క రాని మనిషికి ఇంతమందా! అసూయ అంటే ఒప్పుకోడు గానీ, అచ్చంగా అసూయే.

"బోర్డుకి అడ్డం తప్పుకోమ్మా" అన్నాడు.

"అది కాదు బాబూ, ఈ చెట్టు..."

"చెట్ల గురించి నాకు చెబుతావా?"

ఆమె తలొంచుకుంది. ఆయన తిన్నగా వెళ్ళి రేంజర్ శ్యాంబాబుకు ఫిర్యాదు చేశాడు.

మరుసటి ఆదివారం అప్పాయమ్మ లేదు. హరిబాబు ప్రాణం హాయిగా ఉంది.

ఓ పాప పైకే చదివింది. "ఇది మడ చెట్టు. ఒక ఆకు తుంచి నాలుకకు తాకించండి. ఉప్పగా ఉంటుంది."

"ఉండమ్మా, నేను తుంచి ఇస్తా" అన్నాడు హరిబాబు పొంగిపోతూ.

కొమ్మ వంచి పుటుక్కున తుంచాడు. తెల్లటి పాలు చిమ్మి కంట్లో పడ్డాయి. కారం కొట్టినట్టు మంట.

ఆస్పత్రిలో కంటికి కట్టు కట్టారు.

"అది తిల్ల చెట్టండి. ఆ పాలకి చూపే పోతుంది. మీది దక్కుతుందన్నారు డాక్టర్ గారు" అన్నాడు శ్యాంబాబు. "బోర్డు పాతినవాళ్ళు పొరబడ్డారండి. మడ చెట్టు దాని అవతల ఉంది."

హరిబాబు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అప్పాయమ్మని ఒకసారి పిలిపించండి."

"ఊళ్ళో లేదండి. కూతురు ఏడాదిగా రమ్మంటోంది. ఆ చెట్టుని వదిలి రాలేనని ఇన్నాళ్ళూ ఆగింది. మనం ఇక అక్కడికి రావద్దన్నాం కదండీ, వెళ్ళిపోయింది."

"ఆ చెట్టుతో ఆవిడకేం పనండీ?"

"బోర్డు పాతిన రోజే ఎవరిచేతో చదివించుకుని, ఇది తప్పు చెట్టని వచ్చి చెప్పిందండి. మీరు చూసి అంతా బాగుందన్నారు కదా అని మేం పట్టించుకోలేదు. అప్పట్నుంచీ ఆ ఆకు ఎవరూ తుంచకుండా రోజూ అక్కడ అడ్డం నిలబడిందండి."