తాబేలమ్మ గుంటలపీటలు

అడవి సంతలో ముసలి తాబేలమ్మ, వడ్రంగిపిట్ట పక్కపక్కనే కూర్చుని చింతగింజలతో ఆడే గుంటలపీటలు అమ్మేవి. వడ్రంగిపిట్ట పీటలు లక్కపూతతో తళతళలాడేవి. తాబేలమ్మవి మొద్దుపీటలు. ఈ వారం ఎవరి పీటలు మిగిలిపోతే వాళ్లు చోటు ఖాళీ చెయ్యాలని సంతపెద్ద ఎలుగుబంటి తేల్చేసింది.

"నీ పీట పచ్చడి నూరుకోవడానికి పనికొస్తుంది పెద్దమ్మా," అంది వడ్రంగిపిట్ట.

తాబేలమ్మ జంకలేదు. తనకొచ్చిన ఆటలు ఎక్కడ మరచిపోతానో అన్నదొక్కటే ఆమె దిగులు. అందుకే పీట చూడవచ్చినవాళ్లకల్లా ఒక ఆట నేర్పి పంపేది.

ఆ రోజూ ఉడుతనీ ముంగిసనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి గింజలు పంచింది. ఆట మధ్యలో ఆగిపోయింది. "గుంటలో నాలుగు గింజలు చేరితే... ఆ తర్వాతేమిటర్రా?"

వడ్రంగిపిట్ట ముసిముసిగా నవ్వింది.

"ఆవు ఈనినట్టు లెక్క పెద్దమ్మా, ఆ నాలుగు గింజలూ ఆ గుంటవాళ్లవే. పోయిన సంతలో మీరే నేర్పారుగా," అంది వెనకనుంచి కుందేలు. "మా పొదల్లో అందరం ఇదే ఆడుతున్నాం."

"అయితే నాకొకటివ్వండి," అంది ఉడుత.

"ఉడుతకుండి నాకు లేకపోతే ఎలా?" అంది ముంగిస.

పొద్దు వాలకముందే మొద్దుపీటలన్నీ అయిపోయాయి.

వడ్రంగిపిట్ట మిగిలిపోయిన తన పీటలు సర్దుకుంటూ, "నాకూ రెండు ఆటలు చెబుతారా పెద్దమ్మా?" అంది.

"ఇటు జరిగి నా చోటులోనే కూర్చో," అంది తాబేలమ్మ. "నేను మరచిపోతే నువ్వు అందించాలి మరి."