ఏడో ఉండ

ఆ పొద్దు తెల్లారినా తెల్లారినట్టు లేదు. హార్స్లీ కొండ నెత్తిన మబ్బు తడిసిన గోనెపట్టా మాదిరి పడుంది. కురవదు, తొలగదు.

పాపన్న తన చెనిక్కాయ చేనులో వంగి వంగి వెతుకుతున్నాడు. చంకలోని గంపలో ఆరు ఉండలు ఉన్నాయి. నిన్న పొద్దుగూకే వేళ తాను పెట్టింది ఏడు. పైన పిండి, లోపల పేలుడు మందు. అడవిపంది కొరికితే దాని దవడ ఎగిరిపోతుంది. కొరికేది పందో పశువో ఆ ఉండకేం తెలుసు?

పందులు రాలేదు. చేనంతా వెతికినా ఒక్క గిట్ట గుర్తు లేదు. ఏడో ఉండా లేదు.

మూడేండ్ల కిందట సొంత కాడెద్దు అట్లాంటి ఉండనే కొరికి చచ్చింది. ఆ వారమే పాపన్న కాణిపాకం పోయి, తడిబట్టలతో వినాయకుడి ముందర నిలబడి, ఇంక ఉండలు చెయ్యనని ప్రమాణం చేశాడు. ఆడ చేసిన ప్రమాణం తప్పితే ఏమవుతుందో ఆ పక్క పిల్లోళ్లకు కూడా తెలుసు. అందుకే చెయ్యలేదు. అయితే, అప్పటికే చేసి అటక మీద కుండలో దాచిపెట్టిన పద్దెనిమిదింటి సంగతి మాత్రం దేవుడి ముందర ఎత్తలేదు.

పక్కవాళ్ల చేను పందులు తవ్వేసినప్పటి నుంచీ పన్నెండు రాత్రులు మంచె మీద కూర్చుని, పందులు బెదిరేట్టు రేకుడబ్బా కొట్టాడు. రెక్కలు పడిపోయాయి. కండ్లు మండుతున్నాయి.

"నమ్మినాక నమ్మల్ల మామా. ఆయప్పే చూసుకుంటాడు," అంది పెండ్లాం తులసమ్మ.

"ఆయప్పకేమే, చెనిక్కాయ చేనుండాదా, పాడా?" అని కసిరాడు.

నిన్నటితో ఓపిక అయిపోయింది. చెయ్యనని కదా చెప్పింది, పెట్టనని కాదే అనుకుని అటకెక్కాడు.

"పాపన్నా! మా ఆవు ఈ తట్టు వచ్చిందా?"

గట్టు మీద జైనాబ్ నిలబడి ఉంది. చేతిలో తెగిన తలుగు తాడు. మొగుడు పోయినప్పటి నుంచీ ఆ పొట్టి పుంగనూరు ఆవు పాలు అమ్ముకునే ఆమె బతుకుతోంది.

పాపన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు ఆడే ఉండు జైనాబమ్మా. చేన్లోకి రావద్దు."

"యాల? నేను కాలు పెడితే నీ కాయలన్నీ రాలిపోతాయా?"

"పాము ఉండాది."

"నలభై ఏండ్లు లేని పాము ఈ పొద్దే వచ్చిందా! ఏదీ, సూడనీ..." అంటూనే ఆమె చెయ్యి చూపించింది. "అదో, ఆడుండాది సూడు దొంగముండ!"

చేను చివర, తంగేడు పొద పక్కన ఆవు తల వంచుకుని నిలబడి ఉంది. తల ఎత్తింది. నోట్లో తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది.

పాపన్న పరిగెత్తబోయి ఆగాడు. బెదిరితే కొరుకుతుంది. అరిచినా కొరుకుతుంది. అట్లనే మట్టిలో కూలబడ్డాడు.

"సామీ," అన్నాడు లోలోపల. "చేనంతా పందులకే ఇచ్చేస్తా. ఒక్క కాయ నాకొద్దు. ఆ నోరు లేని దాని నోరు మాత్రం కాపాడు. ఇంక చెయ్యను, పెట్టను, దాచను."

ఆవు కొరికింది. పాపన్న కండ్లు మూసుకున్నాడు.

చప్పుడు లేదు.

కండ్లు తెరిచేసరికి ఆవు తీరిగ్గా నములుతోంది. మింగి, మూతి నాక్కుని, మెల్లగా నడుచుకుంటూ వచ్చి అతని గంపలోకి మూతి పెట్టబోయింది. పాపన్న గంపను వెనక్కి లాక్కుని, ఆవు మెడను వాటేసుకున్నాడు.

జైనాబ్ వచ్చి తలుగు కట్టింది. "ఏం పెట్టినావప్పా దీనికి? నేను తవుడు పెట్టినా ఇంత రుచిగా తినదే!" అని, అతని మొగం చూసి ఆగింది. "యా అల్లా! ఏడుస్తాండావు యాల?"

"ఏం లేదు తల్లీ. తోలుకోనిపో."

ఆమె రెండు మూడు సార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయింది.

పాపన్న ఇంటికి వచ్చి, గంపను పసిబిడ్డను దించినట్టు వాకిట్లో దించాడు. బిందెడు నీళ్లు తెచ్చి ఆరు ఉండల మీదా పోశాడు. లోపల తులసమ్మ సంగటి కెలుకుతోంది. గడప దగ్గరే కూలబడి జరిగిందంతా చెప్పాడు. కుండ సంగతి, నిన్న అటకెక్కిన సంగతి, ఆవు సంగతి, ఏదీ దాచలేదు.

"నువ్వు చెప్పిందే నిజం తులసీ. పందుల్ని ఆయప్పే ఆపినాడు. నేను ఓర్చుకోలేక పోయినా. అయినా నన్ను ఇడిసిపెట్టలేదు, మందు పేలకుండా పట్టుకున్నాడు. సంగటి తినేసి, కుండలో మిగిలిన పదకొండూ పోయి చెరువులో వేసొస్తా."

 తులసమ్మ రెండు తట్టల్లో సంగటి ముద్దలు పెట్టింది, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. తనూ ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. బయట మబ్బు అట్లనే ఉంది. పాపన్న కడుపు నిండా తిని ఎన్ని దినాలయిందో. నిద్ర ముంచుకొస్తోంది. చెయ్యి కడుక్కుని, అటక మీదికి నిచ్చెన వేశాడు.

తట్టలు ఎత్తుతూ తులసమ్మ తలెత్తకుండానే అంది:

"చెరువు దాకా యాల మామా, కోళ్లకెయ్యి. నువ్వు కాణిపాకం నుంచి వచ్చిన దినమే మందుండే ఉండలన్నీ తీసి పాడుబావిలో పారేసినా. ఆ కుండలో ఉండేది ఉత్త పిండే. మూడేండ్లుగా, బూజు పట్టినప్పుడల్లా నేనే మారస్తా ఉండా."