మీవాళ్ళే చెప్పారు

"ఆ మాత్ర ఎందుకు మింగావక్కా?"

నజ్లా గ్లాసు కింద పెట్టి, ఆసుపత్రికి పట్టుకెళ్ళే షోర్బా సూపు గిన్నె మూత గట్టిగా బిగించింది. "తలనొప్పికి."

"తలనొప్పి ఒక్కటేనా? నిన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నావు. సాయంత్రానికి ఉన్నట్టుండి వణుకు, జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. ఇప్పుడేమో పొడిదగ్గు. జలుబైతే ముక్కుతో మెల్లగా మొదలవుతుంది, మనిషిని ఇలా ఒక్కసారిగా పడెయ్యదు. మొన్న మా పిల్లలకి వచ్చింది ఇదే. ఫ్లూ."

"వచ్చిందమ్మా పెద్ద డాక్టరమ్మ."

దలీలా నవ్వలేదు. ఆమె కాపురం పక్క వీధిలోనే. అక్క తన మూత్రపిండం ఇచ్చి ఇంటికొచ్చిన నాటి నుంచి రోజూ వచ్చి పనులు చూసుకుంటోంది. ఆ మూత్రపిండం అందుకున్న తౌఫీక్, నజ్లా భర్త, ఇంకా స్ఫాక్స్ నగరంలోని ఆసుపత్రిలోనే ఉన్నాడు. కొత్త అవయవాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా ఇస్తున్న మందుల వల్ల, చిన్న జబ్బు సోకినా తట్టుకోలేని స్థితి. అందుకే వార్డు గుమ్మం దగ్గర జ్వరం చూసిగానీ ఎవరినీ లోపలికి పంపరు.

"మాత్రతో జ్వరం దాచి లోపలికి పోతావా? బావకి అంటుకుంటే?"

"మాస్కు పెట్టుకుంటాను. దూరంగా కూర్చుంటాను. నేను కనపడకపోతే ఆయన ముద్ద ముట్టడు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

దలీలా చీపురు అందుకుని పక్క గదిలోకి నడిచింది.

వార్డు గుమ్మంలో జ్వరం బయటపడలేదు. తౌఫీక్ షోర్బా తాగి, ఆలివ్ కోతలు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. ఆమె దగ్గు ఆపుకుంటుంటే, "చలిగాలిలో తిరగకు" అన్నాడు. లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, "నీ వల్లే బతికున్నాను" అన్నాడు. ఇల్లు చేరేదాకా ఆ మాట ఆమెకు ఒంటినొప్పులు తెలియనివ్వలేదు.

మర్నాడు నర్సు రబ్హా గుమ్మంలోనే ఆపేసింది.

"మీకు ఫ్లూ వచ్చిందటగా. తగ్గేదాకా ఇటు రావద్దు."

"ఎవరు చెప్పారు?"

"మీవాళ్ళే చెప్పారు."

నజ్లా తిరిగొచ్చేసరికి దలీలా వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"నా మూత్రపిండం లోపల, నేను బయట. నీ కడుపు చల్లబడిందా?"

"నేను చెప్పలేదక్కా."

"ఇంకెవరికి తెలుసు?"

"చెప్పాలనే అనుకున్నాను. చెప్పాల్సిన మాటే అది. కానీ చెప్పలేదు."

"అబద్ధాలు కూడా నేర్చావు. పో ఇక్కణ్ణుంచి."

దలీలా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. నజ్లా వణుకుతూ పడుకుని తౌఫీక్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. అతను అంతా విన్నాడు.

"సొంత చెల్లెలు చేసే పనేనా ఇది?" అన్నాడు చివరికి. "అలాంటిదాన్ని ఇక గడప తొక్కనివ్వకు."

దలీలా మళ్ళీ వచ్చి తలుపు తట్టింది. నజ్లా తియ్యలేదు. వేడి షోర్బా గిన్నె గుమ్మంలోనే చల్లారిపోయింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. జ్వరంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, నీళ్ళకు తనే గోడ పట్టుకుని లేవాల్సి వచ్చింది.

దగ్గు కూడా పూర్తిగా తగ్గాక ఆసుపత్రికి వెళ్ళింది. రబ్హా నవ్వుతూ తలుపు తెరిచింది.

"ఆయనకేం కాలేదమ్మా. సమయానికి తెలిసింది కాబట్టి వెంటనే మందు మొదలుపెట్టాం."

నజ్లా కళ్ళు దించుకుంది. "తప్పు నాదే. మా చెల్లెలు చెప్పబట్టి ఆయన దక్కాడు. కానీ చెప్పి కూడా చెప్పలేదంది చూడండి, అదే నాకు మింగుడుపడటం లేదు."

"చెల్లెలా?" అంది రబ్హా. "ఆవిడెవరో నాకు తెలియదే. ఆ రోజు మీ దగ్గు చూసి ఫ్లూ అని పోల్చుకుని, మీరు అటు వెళ్ళగానే నన్ను పిలిచి చెప్పింది మీ ఆయనే."