పట్టు వదలని గాలి

"ఇంకా ఎంతసేపు?" ఫోన్‌లో భర్త గొంతు చిరచిరలాడింది. "మేనేజరు గారు ఐదింటికి బయల్దేరతారట. రేపట్నుంచి నెల్లాళ్లు సెలవు. ఆయన ఎదురుగా నువ్వు సంతకం పెడితేనే రాజీనామా చెల్లుతుందట."

గోడ గడియారంలో నాలుగూ నలభై. ఆమె మీటరు సూది వైపు చూసింది.

"నాకు మాత్రం రావాలని లేదా ఏవిటండీ? ఎర్రదీపం వెలుగుతుంటే ఈ గది తలుపు తియ్యకూడదు. మేనేజరు గారైనా సరే."

ఎక్స్‌రే గొట్టాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా ఆమె పని ఇదే. ఆ పనేమిటని భర్త ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఇవాళ మాత్రం ఆమె రాజీనామా ఉత్తరం తానే రాసి, తానే మడిచి, జేబులో పెట్టుకుని వచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నాడు.

"అసలా గదిలో ఏం వెలగబెడుతున్నావు?"

"గొట్టంలో గాలంతా పంపుతో లాగేస్తాం. అయినా లోపలి లోహపు పలకకి అంటుకున్న గాలి ఓ పట్టాన వదలదు. ఎలక్ట్రాన్లతో ఎడాపెడా బాదితేగానీ ఊడిరాదు. బాదేకొద్దీ పలక ఎర్రగా కాలి గదంతా కుంపటైపోతుంది. ఈ సూది కిందికి దిగితే గాలి వదిలినట్టు."

"దిగలేదా?"

"మొండి పలక దొరికింది నా ప్రాణానికి."

"ఆపేసి రా."

"మధ్యలో ఆపితే గాలి మళ్లీ అంటుకుంటుంది. పొద్దుట్నుంచి పడ్డ పాటంతా నీళ్లపాలు."

"ఇంటిపట్టున ఉండమని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నాను! ఇంకో నెల ఆగమంటావా?"

ఆమె జవాబు చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు.

కిటికీ లేని గది. బయట ఆయన, లోపల యంత్రం. శాలువా భుజాల నిండా కప్పుకుంది. ఎర్రదీపం మీట చేతికందేంత దూరంలోనే ఉన్నా దాని జోలికి పోలేదు.

ఐదుంబావుకి మళ్లీ ఫోన్ మోగింది.

"వెళ్లిపోయాడు మహానుభావుడు! ఇక నెల్లాళ్లు ఏం చెయ్యలేం. నేను ఇంటికి పోతున్నాను."

"అయ్యో, నా మూలంగా మీకు ఎంత ఇబ్బందండీ!" అందామె.

ఫోన్ పెట్టేసి, యంత్రపు ఉక్కు తొడుగుకి చెంప ఆనించి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మీట నొక్కి ఎర్రదీపం ఆర్పింది.

సూది మధ్యాహ్నం రెండింటికే దిగిపోయింది.