మూత మీది జైరో

"దీన్ని మూత మీద పెట్టారేం?" అన్నాడు ముసలాయన.

లోతార్ తలెత్తి చూశాడు. ఊతకర్ర, ఇస్త్రీ చొక్కా, ఆగకుండా వణికే చేతులు. ఐఫెల్ కొండల మీది ఆ మోడల్ విమానాల క్లబ్బులో ఆయన్ను ఎరిగినవారు లేరు.

బల్ల మీద రెండు మీటర్ల జెట్ ఉంది. ఇంజను అసలైనదే, నడిపేవాడు మాత్రం నేల మీద నిలబడి రేడియోతో నడుపుతాడు. లోతార్ దాన్ని చలికాలంలో ఒక దళారి దగ్గర కొన్నాడు. ఆ మధ్యాహ్నం అది క్లబ్బు పెద్దల ఎదుట ఎగరాలి. క్షేమంగా దిగితే ఆ మైదానంలో జెట్లకు అనుమతి. నడిపేవాడి పొరపాటుతో కూలితే శాశ్వత నిషేధం. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి సంపాదించుకున్న అవకాశం అది.

ముసలాయన చూపిస్తున్నది జైరోను. అగ్గిపెట్టెలో సగముండే ఆ పరికరం విమానం ఊగితే కనిపెట్టి, తోక రెక్కల్ని ఎదురు తిప్పి నిలబెడుతుంది. చేతికి అందుతుందని లోతార్ దాన్ని ఇంధనపు ట్యాంకు పైమూతకు అతికించాడు.

ఇంజను అదురుకు ఆ మూత తానే వణుకుతుందనీ, జైరో దాన్ని విమానం ఊగడమే అనుకుంటుందనీ ముసలాయన నిదానంగా చెప్పాడు. లోపల, రెక్కల దూలం పక్కనున్న గట్టి చెక్కకు మార్చమన్నాడు. దిద్దుబాటు జోరును సగానికి తగ్గించమన్నాడు; నెమ్మదిలో సరిపోయే జోరు వేగంలో మితిమీరుతుందట.

"తోక చేత్తో ఎత్తి చూశాను. సరిగ్గానే ఎదురు తిరుగుతోంది" అన్నాడు లోతార్.

"నేల మీద వేగం లేదు కదండీ."

పన్నెండయింది. ఊరివాళ్ల విశ్రాంతి కోసం రెండింటిదాకా ఇంజను ముట్టించకూడదన్నది అక్కడి నియమం. ఆ రెండు గంటలు చాలుననీ, తాను పక్కనుండి చెబుతాననీ అన్నాడు ముసలాయన.

లోతార్ బంగాళాదుంపల సలాడ్ పళ్లెం అందుకున్నాడు.

"ఆ జైరో ఏదో ముందు మీ చేతులకు కట్టించుకోండి, పెద్దాయనా."

బెంచీల మీదివాళ్లంతా నవ్వారు. ముసలాయనా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా.

రెండు దాటాక జెట్ చక్కగా లేచింది. మొదటి రెండు చుట్లకు చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో లోతార్ పూర్తి వేగమిచ్చాడు.

తోక సన్నగా అదిరింది. జైరో దిద్దబోయింది. దిద్దినకొద్దీ అదురు పెరిగింది. జైరోను ఆపే స్విచ్ మీదికి వేలు పోయేలోగా తోక ఊడి, జెట్ బార్లీ చేనులో కూలింది.

గంట తరవాత క్లబ్బు అధ్యక్షురాలు గిజెలా అతణ్ణి తన గదికి పిలిపించింది. జైరో సంగతి ఎలా కప్పిపుచ్చాలా అని లోతార్ దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు.

"అనుమతికి ఢోకా లేదు. తప్పు నీది కాదని తేలింది" అంటూ ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. "చదివి సంతకం పెట్టు."

తోక కీళ్లు అతికించడంలోనే లోపముందనీ, నడిపినవాడి పొరపాటేమీ లేదనీ అందులో ఉంది. ఆ కీళ్లను లోతార్ పొద్దున్నే గుంజి చూశాడు. ఉక్కులా ఉన్నాయి.

సంతకం పెట్టాడు. పెట్టిన తరవాతే, ఇది ఎవరు రాశారని అడిగాడు.

"మీరంతా నవ్వారే, ఆయనే. ఇందాకే బస్సెక్కి వెళ్లిపోయాడు. చేతులు పట్టుతప్పాక అమ్ముకున్నాడట గాని, నీ విమానాన్ని తొమ్మిదేళ్లు కూర్చుని కట్టింది ఆయనే."