ఎడమకాలి గోలు

"ఇంకోసారి చెప్పమ్మా. ఏ కాలు?" అని అడిగాడు ముసలి జ్వేలాఖే.

పట్నం మ్యూజియం నుంచి వచ్చిన నోలుతాండో గోడమీది బొమ్మను మళ్లీ పరికించింది.

"బొమ్మలో ఎడమకాలే తాతగారూ. కానీ ఇది అచ్చు కదా! పలకమీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది. వందల ఏళ్ల నాటి అచ్చుల్లో కూడా కుడిచేతివాటం వీరులు ఎడమచేత్తో కత్తి దూస్తుంటారు. తిప్పి చెక్కడం మరిచిపోతే అంతే. అసలు తన్నింది కుడికాలేమో!"

మూలన కూర్చున్న డుమేజ్వేని చప్పట్లు కొట్టాడు. "విన్నావా ఎడమకాలోడా! ముప్పై తొమ్మిదేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నా. ఆ గోలు నాది!"

తమ ఊరు ఎంటాబెని జట్టు ఏటి అవతలి ఊరిమీద గెలిచింది జన్మకో శివరాత్రిలా ఆ ఒక్కసారే. ఒకటి, సున్నా. గోలు ముందు దుమ్ము లేచింది, ఆరేడుగురు ఒకరిమీద ఒకరు పడ్డారు, దుమ్ము తగ్గేసరికి బంతి వలలో ఉంది. నేను తన్నానని ఎడమకాలి జ్వేలాఖే, కాదు నేనని కుడికాలి డుమేజ్వేని. అంతవరకూ ఒకే కంచంలో తిన్న స్నేహితులు ఆ రోజునుంచి ఉప్పూనిప్పూ అయ్యారు.

ఫోటో తీసినవాడు లేడు. గోలు వెనక కూర్చుని వేడివేడి అమాగ్విన్యా బూరెలు వేయించి అమ్మిన మాఖోజా మాత్రం, మరుసటి వారం ఈ కళాకేంద్రంలోనే లినోలియం పలకమీద ఆ దృశ్యం చెక్కింది. అది ఆమె మొదటి అచ్చు. నలుపు తెలుపు బొమ్మ కాబట్టి చొక్కా రంగు తెలియదు. తన్నేవాడి వీపు తప్ప మొహం కనిపించదు. కాలు మాత్రం ఖాయంగా ఎడమది. పక్కన స్కోరు పలకమీద 1–0. ఆ బొమ్మ చూపించే జ్వేలాఖే ఇన్నాళ్లూ మీసం మెలేశాడు.

శనివారం కొత్త మైదానం తెరుస్తున్నారు. ఆనాడు గోలు కొట్టినవాడే మొదటి బంతి తన్నాలని ఊరి కమిటీ తీర్మానం.

"చెల్లెమ్మా, నువ్వే తేల్చు," అన్నాడు జ్వేలాఖే మాఖోజాతో.

మ్యూజియం కోసం మాఖోజా పాత పలకకు అప్పుడే రోలరుతో సిరా పూస్తోంది. పలకమీద కుడికాలు! డుమేజ్వేని ఎగిరి గంతేశాడు.

"ఆగరా! అచ్చులో స్కోరు సరిగ్గా పడేలా అంకెలు తిప్పి చెక్కిన మనిషి కాలు తిప్పదా?" అన్నాడు జ్వేలాఖే.

"తిప్పానో లేదో ఎవరికి గుర్తు!" అంది మాఖోజా. "ఏమయ్యా, టీ తే!"

ఆమె భర్త వెలాఫి టీ కప్పులు పెట్టి, గోలు మాట వినగానే ఎప్పటిలాగే గుమ్మంవైపు జారుకున్నాడు. ఆనాడు అవతలి జట్టులో గోలు ముందు కాపలా కాసింది ఇతనే. ఆ ఏడే మాఖోజాని పెళ్లాడి ఈ ఊరు చేరాడు.

"బావకి ఓడిపోయిన బాధ ఇంకా తీరలేదర్రా!" అన్నాడు డుమేజ్వేని.

"మా ఊరి పిల్లనిచ్చాం కదా, ఇంకేం కావాలట!" అని జ్వేలాఖే అందుకున్నాడు. అన్నాక, డుమేజ్వేనితో కలిసి ఒకరిని ఆటపట్టించి ఎన్నేళ్లయిందో గుర్తొచ్చింది. వాడు లేకుండా తాగిన బీరు ఎన్నడూ రుచించలేదని అతను ఎవరికీ చెప్పుకోలేదు.

మాఖోజా పలకమీద కాగితం పరిచి చెక్కగరిటెతో రుద్ది, అచ్చు తీసింది. ఎడమకాలు. తడి ఆరకముందే దానిమీద ఇంకో కాగితం వేసి మళ్లీ రుద్దింది. రెండో కాగితం మీద బొమ్మ కాస్త వెలిసి, తిరగబడి వచ్చింది. కుడికాలు!

"చెరొకటి పట్టుకుపొండి. గొడవ వదిలిపోతుంది."

డుమేజ్వేని తన కాగితాన్ని గుండెకు హత్తుకోబోయి ఆగిపోయాడు. కాలుతోపాటు స్కోరు కూడా తిరగబడింది. 0–1.

"ఓరి దేవుడోయ్! నా కాలు గెలిస్తే ఊరు ఓడిపోయిందేంట్రా!"

జ్వేలాఖేకి నవ్వు ఆగలేదు. డుమేజ్వేనికీ ఆగలేదు. ముసలాళ్లిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఊరు ఓడే గోలు నాకొద్దురా. నువ్వే తన్ను," అన్నాడు డుమేజ్వేని.

"నోర్ముయ్. ఇద్దరం తన్నుదాం."

శనివారం ఇద్దరూ తన్నారు. ఎడమకాలూ కుడికాలూ ఒకేసారి తగిలి బంతి నేరుగా కమిటీ పెద్దల టీ బల్లమీద పడింది. జనం ఈలలు వేశారు. తర్వాత బీరు కుండ ఇద్దరి మధ్యా తిరిగింది. జ్వేలాఖేకి ఆ బీరు అమృతంలా ఉంది.

ఆట ముగిశాక అతను మాఖోజా పక్కన చతికిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఇప్పుడు గెలుద్దామని కాదు, ఊరికే అడుగుతున్నా. నువ్వు గోలు వెనక కూర్చున్నావు. మేం నీకెదురుగా పరిగెత్తుకొచ్చాం. మా మొహాలు కనబడాలిగా? వీపు చెక్కావేం?"

మాఖోజా, దూరంగా కప్పులు కడుగుతున్న వెలాఫి వంక చూసి ముసిముసిగా నవ్వింది.

"ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నా. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

"ఒట్టు."

"ఆ కాలు మా ఆయనది."